గింజ నుండి గుణం దాకా: దూకుడు స్వభావ నియంత్రణలో సెరోటోనిన్ పాత్ర

అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నం చేరువనున్న రోలుగుంట మండలం తూర్పు కనుమల దిగువ అంచున ఉంది. ఇటువంటి కొండ దిగువ పల్లెల్లో వరి, చెరకు, జీడిమామిడి కుటుంబానికి ఏటా ఒకటి రెండు సార్లు డబ్బు తెచ్చే పంటలు. వారం వారం చేతిలో పడే చిల్లర మాత్రం పెరటి కోళ్లది. ఆ డబ్బు సాధారణంగా ఇంటి ఇల్లాలిది. పిల్లల పుస్తకాలకు, మందుబిళ్లలకు, సంత ఖర్చులకు ఆమె ఎవరినీ అడగనవసరం లేని ఆదాయం అది. అందుకే మందలో నాలుగు కోళ్లు పోయినా అది చిన్న నష్టం కాదు.

పెరటి కోళ్ల పెంపకంలో నష్టం అనగానే కొక్కెర తెగులు, గద్దలు, ముంగిసలు గుర్తుకు వస్తాయి. అంతగా చర్చకు రాని నష్టం మరొకటి ఉంది. వర్షాకాలంలో నాలుగైదు వారాల పిల్లలను రోజుల తరబడి గంప కిందనో, ఇరుకు గదిలోనో మూసి ఉంచినప్పుడు అవి ఒకదానినొకటి పొడుచుకోవడం మొదలుపెడతాయి. ముందు తోక దగ్గరి ఈకలు పోతాయి, తరువాత చర్మం చిట్లుతుంది. ఎర్రని రక్తం కనిపించగానే మందంతా ఆ ఒక్క పిల్ల మీద పడుతుంది. తెల్లవారి మూత తీసేసరికి ఒకటి రెండు చచ్చి ఉంటాయి. ఇంటివారు దీనిని ఆ కోళ్ల పొగరు అని సరిపెట్టుకుంటారు. విస్తరణ కార్యకర్త ముక్కు కత్తిరించమని సలహా ఇచ్చి వెళతాడు. ఈ రెండింటిలోనూ కారణాన్ని వెతికే ప్రయత్నం కనిపించదు.

జీవి దూకుడును అదుపులో ఉంచే యంత్రాంగం మెదడులో ఉంది. అందులో ముఖ్యమైన నాడీ ప్రసారకం సెరోటోనిన్. ఆ సెరోటోనిన్‌కు ముడిసరుకు మేతలోని ఒక అమైనో ఆమ్లం. ఆ అమైనో ఆమ్లం ఎంత ఉండాలన్నది పొలంలో పండిన గింజ నాణ్యతపై ఆధారపడుతుంది. కనుక ఈ విషయం నాడీ శాస్త్రవేత్తలకు, మనోవైద్యులకు మాత్రమే చెందినది కాదు. సస్య శాస్త్రానికి, పశు పోషణకు, విస్తరణకు కూడా ఇందులో పాత్ర ఉంది. అయితే ఆ పాత్ర ఎంతవరకు అన్నది జాగ్రత్తగా నిర్ణయించుకోవాలి.

సెరోటోనిన్ పరిచయం

ఇటలీకి చెందిన విట్టోరియో ఎర్‌స్పామర్ 1930వ దశకంలో జీర్ణాశయ కణాల నుండి కండరాలను సంకోచింపజేసే ఒక పదార్థాన్ని గుర్తించి దానికి ఎంటెరమిన్ అని పేరు పెట్టారు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అనే శాస్త్రవేత్తలు రక్తరసి నుండి రక్తనాళాలను బిగించే పదార్థాన్ని వేరుచేసి సెరోటోనిన్ అన్నారు. ఈ రెండూ ఒకటేనని, దాని రసాయన రూపం 5-హైడ్రాక్సీ ట్రిప్టమిన్ అని తరువాత తేలింది. 1953లో బెట్టీ ట్వారోగ్, పేజ్‌తో కలిసి, ఇది క్షీరదాల మెదడులోనూ ఉన్నదని చూపారు. ప్రవర్తనపై దీని ప్రభావాన్ని గురించిన పరిశోధనలకు అక్కడి నుండే దారి ఏర్పడింది.

సెరోటోనిన్ జంతువులకే పరిమితం కాదు. అరటి, టమాటా, అనాస వంటి పండ్లలోనూ ఉంది. పొదల్లో అల్లుకొనే దురదగొండి కాయల నూగులో సెరోటోనిన్ ఉన్నట్లు 1954లో బ్రిటన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. ఆ నూగు తగిలినప్పటి దురదకు ప్రధాన కారణం అందులోని మాంసకృత్తులను ఛేదించే ఎంజైము. అయినా చేను గట్టు మీది మొక్కలోనూ, మనిషి మెదడులోనూ ఒకే అణువు ఉండడం ఈ పదార్థం పరిణామక్రమంలో ఎంత ప్రాచీనమైనదో తెలుపుతుంది.

శరీరంలోని సెరోటోనిన్‌లో 90 శాతానికి పైగా జీర్ణవాహికలోనే తయారవుతుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లు దానిని నిలవచేసుకుంటాయి. మెదడులో ఉండేది స్వల్ప భాగమే. మెదడు కాండంలోని రేఫే కేంద్రకాలలోని నాడీ కణాలు దానిని తయారుచేసి మెదడంతటికీ, ముఖ్యంగా భయం, కోపం, ఆలోచన, నిగ్రహాలకు సంబంధించిన భాగాలకు, అందిస్తాయి.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోవలసిన అంశం ఒకటి ఉంది. రక్తంలోని సెరోటోనిన్ మెదడులోకి ప్రవేశించలేదు. రక్తానికి, మెదడుకు మధ్యనున్న అవరోధం దానిని అడ్డుకుంటుంది. కనుక అరటిపండు తిన్నందువల్ల అందులోని సెరోటోనిన్ మెదడుకు చేరదు. ఆ అవరోధాన్ని దాటగలిగేది దాని ముడిసరుకైన ట్రిప్టోఫాన్. ఇది జంతు శరీరం తయారుచేసుకోలేని అత్యావశ్యక అమైనో ఆమ్లం. మేత ద్వారానే అందాలి.

ట్రిప్టోఫాన్ కూడా తేలికగా లోపలికి పోలేదు. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, ఫినైల్‌అలనిన్, టైరోసిన్ వంటి పెద్ద అమైనో ఆమ్లాలు అదే ద్వారం వద్ద పోటీ పడతాయి. అందువల్ల మెదడుకు చేరే ట్రిప్టోఫాన్‌ను నిర్ణయించేది మేతలోని దాని పరిమాణం ఒక్కటే కాదు. తోటి అమైనో ఆమ్లాలతో దాని నిష్పత్తి కూడా ముఖ్యం. 1970ల ఆరంభంలో ఫెర్న్‌స్ట్రామ్, వుర్ట్‌మన్ ఎలుకలపై చేసిన ప్రయోగాలు ఆహారాన్ని బట్టి మెదడులోని సెరోటోనిన్ మారుతుందని నిరూపించాయి. లోపలికి చేరిన ట్రిప్టోఫాన్‌ను ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైము మొదటి దశలోనూ, విటమిన్ బి6 సాయంతో పనిచేసే మరో ఎంజైము రెండవ దశలోనూ సెరోటోనిన్‌గా మారుస్తాయి.

దూకుడుకు పగ్గం

సెరోటోనిన్ తగ్గినప్పుడు దూకుడు పెరుగుతుందన్న భావనకు తొలి ఆధారాలు చిట్టెలుకల నుండి వచ్చాయి. ఒంటరిగా వారాల తరబడి ఉంచిన మగ చిట్టెలుకలు కొత్త ఎలుకను చూడగానే దాడి చేస్తాయి. అటువంటి వాటి మెదడులో సెరోటోనిన్ వినియోగం మందగించినట్లు ఇటలీ శాస్త్రవేత్త వల్జెల్లి బృందం గమనించింది. 1994లో సెరోటోనిన్ గ్రాహకాలలో ఒకటైన 1బి రకం లేకుండా పుట్టించిన చిట్టెలుకలు సాధారణ వాటికంటే త్వరగా, తీవ్రంగా దాడి చేసినట్లు తేలింది. రీసస్ కోతులలో సెరోటోనిన్ విచ్ఛిన్న పదార్థం వెన్నెముక ద్రవంలో తక్కువగా ఉన్నవి తీవ్రమైన కొట్లాటలకు దిగడమే కాక, ఎత్తైన కొమ్మల మధ్య ప్రమాదకరమైన దూకుళ్లకూ సాహసించాయి. వాటిలో లోపించింది శాంతం కంటే ముందువెనుకలు చూసే నిగ్రహం అని పరిశోధకులు భావించారు.

పశువులను మచ్చిక చేసుకోవడంలోనూ ఈ అణువు జాడ ఉంది. రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో బెల్యాయెవ్ 1959లో ఆరంభించిన ప్రయోగంలో మనిషిని చూసి బెదరని, కరవని వెండి నక్కలను మాత్రమే తరతరాలుగా ఎంపిక చేశారు. అలా మచ్చికైన నక్కల మెదడులో సెరోటోనిన్, దానిని తయారుచేసే ఎంజైము చురుకుదనం అదుపులేని నక్కలకంటే ఎక్కువగా ఉన్నట్లు తరువాత తేలింది. ఎంపిక స్వభావాన్ని రెండు దిశలకూ నడపగలదు. ఆంధ్ర ప్రాంతం స్వస్థానాలలో ఒకటైన అసీల్ జాతిని తరతరాలుగా పోరుగుణం కోసమే ఎంపిక చేశారు. అందుకే పెరటి మందలోని అసీల్ పుంజులు మిగతావాటిని నిలవనీయవు. ఆ గుణంలో వంశపారంపర్యానిదే పెద్ద వాటా కనుక దానిని మేతతో మార్చగలమనుకోవడం పొరపాటు.

సెరోటోనిన్ అంటే సాధుత్వం అని కూడా అనుకోరాదు. 1991లో వెర్వెట్ కోతులపై వెలువడిన అధ్యయనం ఇందుకు మంచి ఉదాహరణ. మందలోని పెద్ద మగకోతిని తొలగించి, మిగిలిన మగవాటిలో ఒకదానికి ట్రిప్టోఫాన్ లేదా సెరోటోనిన్ చురుకుదనాన్ని పెంచే మందు ఇచ్చినప్పుడు ఆ కోతే నాయకత్వాన్ని పొందింది. అది కొట్లాడి గెలవలేదు, ఆడకోతులతో స్నేహం పెంచుకొని వాటి మద్దతుతో గెలిచింది.

వెన్నెముక లేని జీవులలో చిత్రం తలకిందులవుతుంది. 1997లో హ్యూబర్, క్రావిట్జ్ బృందం ఓడిపోయి వెనుకంజ వేస్తున్న మంచినీటి క్రే చేపకు సెరోటోనిన్ ఎక్కించగా అది తిరిగి పోరుకు దిగింది. 2009లో ఆన్‌స్టే తదితరులు ఎడారి మిడతల గురించి మరింత ఆశ్చర్యకరమైన విషయం వెల్లడించారు. ఒంటరిగా తిరిగే మిడత వెనుక కాళ్లకు తోటి మిడతల స్పర్శ పదేపదే తగిలినప్పుడు దాని వక్ష నాడీ ముడులలో సెరోటోనిన్ పెరుగుతుంది. దాదాపు రెండు గంటల్లో అది గుంపును వెతుక్కునే మిడతగా మారుతుంది. 2020లో రాజస్థాన్ నుండి మధ్య భారతం దాకా పంటలను మేసిన దండ్ల వెనుక ఉన్నది ఈ మార్పే.

కనుక సెరోటోనిన్‌ను కోపానికి విరుగుడు అనడం కంటే, పరిసరాలను బట్టి ప్రవర్తనను సర్దే పగ్గం అనడం సరియైనది. పగ్గం ఎటు లాగుతుందన్నది జీవిజాతి, గ్రాహకం, సామాజిక స్థితి, పరిసరాల ఒత్తిడి నిర్ణయిస్తాయి.

మానవులలో ఈ సంబంధం ఉన్నా, అది బలహీనమైనది. 1979లో అమెరికా సైనిక సిబ్బందిపై జరిగిన అధ్యయనంలో దూకుడు చరిత్ర గలవారి వెన్నెముక ద్రవంలో సెరోటోనిన్ విచ్ఛిన్న పదార్థం తక్కువగా ఉంది. కాని ఆ తరువాతి అనేక అధ్యయనాలను కలిపి 2013లో విశ్లేషించినప్పుడు సహసంబంధ గుణకం కేవలం మైనస్ 0.12 అని తేలింది. అంటే మనుషుల మధ్య దూకుడులో కనిపించే తేడాలలో సెరోటోనిన్ వివరించగలిగేది చాలా కొద్ది. ఒక వ్యక్తి కోపాన్ని అతని భోజనంతో ముడిపెట్టి ప్రచారం చేయడం శాస్త్రసమ్మతం కాదు.

హైదరాబాదు చెప్పిన జొన్న కథ

అయినప్పటికీ, గింజ నాణ్యత మనసును తాకగలదని తెలుగునాట జరిగిన పరిశోధనే చూపింది. కూనూరులో 1918లో ఆరంభమైన పోషకాహార ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. దక్కను పీఠభూమిలో జొన్న ప్రధానాహారంగా గల నిరుపేదలలో పెల్లాగ్రా వ్యాధి అక్కడి శాస్త్రవేత్తల దృష్టిని ఆకర్షించింది. ఎండ తగిలే చోట చర్మం నల్లబారి పొలుసులు రాలడం, విరేచనాలు, మానసిక వికారాలు దీని లక్షణాలు. చిరాకు, నిద్రలేమి, దిగులుతో మొదలై ముదిరితే మతిభ్రమణం దాకా పోతుంది.

పెల్లాగ్రా నియాసిన్ లోపం వల్ల వస్తుందని అప్పటికే తెలుసు. మొక్కజొన్న తినేవారిలో రావడానికి ఆ గింజలో ట్రిప్టోఫాన్ తక్కువగా ఉండడం, నియాసిన్ శరీరానికి అందని రూపంలో ఉండడం కారణాలు. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి శరీరం ఒక మిల్లీగ్రాము నియాసిన్‌ను తయారుచేసుకోగలదు. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలో అంత తక్కువ కాదు. మరి జొన్న తిన్నవారికి ఎందుకు వస్తున్నది? సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో ఒక సమాధానం ప్రతిపాదించారు. జొన్న మాంసకృత్తులలో లూసిన్ చాలా ఎక్కువ. ఆ అధిక లూసిన్ ట్రిప్టోఫాన్, నియాసిన్‌ల జీవక్రియను దెబ్బతీస్తున్నదని వారు వాదించారు.

ఈ కథలో మనకు ముఖ్యమైన మలుపు 1970లో వచ్చింది. అదే సంస్థకు చెందిన కమలా కృష్ణస్వామి, రమణమూర్తి పెల్లాగ్రా రోగుల మానసిక మార్పులను, వారి ప్లేట్‌లెట్లలోని సెరోటోనిన్‌ను కలిపి పరిశీలించారు. మానసిక లక్షణాలు గలవారిలో ప్లేట్‌లెట్ సెరోటోనిన్ తగ్గి ఉన్నట్లు వారు గమనించారు. ప్లేట్‌లెట్ మెదడు కాదు కనుక ఇది పరోక్ష సాక్ష్యమే. అయినా చేలో పండిన గింజలోని అమైనో ఆమ్లాల పొందిక, రక్తంలోని సెరోటోనిన్, మనిషి మనఃస్థితి అనే మూడింటినీ ఒకే వరుసలో నిలిపిన పరిశోధన హైదరాబాదులో జరగడం మన విద్యార్థులు తెలుసుకోవలసిన విషయం.

లూసిన్ సిద్ధాంతాన్ని ఆ తరువాతి ప్రయోగాలన్నీ సమర్థించలేదు. కొన్ని ప్రయోగాలలో అధిక లూసిన్ ప్రభావం కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. విటమిన్ బి6, ఇతర విటమిన్ల లోపం, మొత్తం మీద తిండి చాలకపోవడం కూడా కారణాలేనని భావిస్తున్నారు. భోజనంలో వైవిధ్యం పెరిగేకొద్దీ వ్యాధి అరుదైంది. జొన్న చెడ్డ గింజ అని ఈ కథ అర్థం కాదు. పప్పు, పాలు, ఆకుకూర తోడుంటే జొన్న మంచి ఆహారమే. ఏ గింజనైనా ఒంటరిగా తినవలసి రావడమే ప్రమాదం.

పొలంలో నిర్ణయమయ్యే నాణ్యత

ఒంటరి గింజ సమస్య నేడు మనుషులలో కంటే కోళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. పెరటి కోడిపిల్లకు దక్కేది నూకలు, తవుడు, మొక్కజొన్న రవ్వ. మొక్కజొన్న గింజలో ట్రిప్టోఫాన్ సుమారు 0.06 నుండి 0.07 శాతం. ఆరు వారాల లోపు గుడ్ల జాతి పిల్లల మేతలో ఉండవలసినది దాదాపు 0.2 శాతం. అంటే రవ్వ మాత్రమే తినే పిల్లకు అవసరంలో మూడో వంతే అందుతున్నది. ఆరుబయట తిరిగినప్పుడు చెదలు, పురుగులు, లేత ఆకులు ఆ లోటును తీరుస్తాయి. వానకు మూసి ఉంచిన వారంలో ఆ అవకాశం పోతుంది. మేతలో లోటు, చోటు ఇరుకు, చేయడానికి పని లేకపోవడం ఒకేసారి వచ్చి పడతాయి.

మొక్కజొన్నలో ఈ లోటుకు కారణం దాని మాంసకృత్తులలో సగానికి పైగా ఉండే జీన్ అనే రకం. ఇందులో ట్రిప్టోఫాన్, లైసిన్ దాదాపు శూన్యం, లూసిన్ సమృద్ధి. అంటే ట్రిప్టోఫాన్ తక్కువ కావడమే కాక, మెదడు ద్వారం వద్ద దానితో పోటీపడే లూసిన్ ఎక్కువ. సస్య శాస్త్రవేత్తలు గమనించవలసిన విషయం మరొకటి ఉంది. నత్రజని మోతాదు పెంచితే గింజలో మాంసకృత్తుల శాతం పెరుగుతుంది. కాని ఆ పెరుగుదలలో అధిక భాగం జీన్‌దే. జొన్నలో కాఫిరిన్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. మాంసకృత్తుల శాతాన్ని మాత్రమే చూసి గింజ నాణ్యతను అంచనా వేయడం ఎందుకు చాలదో దీనివల్ల అర్థమవుతుంది.

దీనికి ప్రజననం ద్వారా వచ్చిన పరిష్కారం నాణ్యమైన మాంసకృత్తుల మొక్కజొన్న. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మెర్ట్జ్, బేట్స్, నెల్సన్ ఓపేక్-2 జన్యువు గింజలో లైసిన్‌ను పెంచుతుందని 1964లో ప్రకటించారు. ట్రిప్టోఫాన్ కూడా దానితోపాటే పెరుగుతుంది. మొదటి రకాలు మెత్తని గింజ, తక్కువ దిగుబడి, పురుగు బెడద వల్ల రైతులకు నచ్చలేదు. మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రంలో సురీందర్ వాసల్, ఎవాంజెలినా విలెగాస్ దశాబ్దాల కృషితో ఆ లోపాలను సవరించి 2000లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. ఈ రకాలలో లైసిన్, ట్రిప్టోఫాన్ మామూలు మొక్కజొన్నకు దాదాపు రెట్టింపు. మన దేశంలోనూ హెచ్‌క్యూపీఎం-1 వంటి సంకరాలు విడుదలయ్యాయి. అయితే ఓపేక్-2 అంతర్గత లక్షణం కనుక పక్క చేలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి పడితే గింజ నాణ్యత తగ్గుతుంది. అంతేకాక మార్కెట్‌లో ఈ గింజకు వేరే ధర లేనప్పుడు రైతుకు ప్రత్యేక ఆసక్తి ఉండదు. తన కోళ్ల కోసమే పెరటి మడిలో పండించుకునే కుటుంబానికి ధర అడ్డంకి వర్తించదు.

కోళ్లపై ప్రయోగాలు తెలిపినది

కోళ్ల పొడుపులన్నీ ఒకటి కావు. నార్వేకు చెందిన షెల్డెరప్-ఎబ్బె 1920వ దశకం తొలినాళ్లలో వర్ణించిన పొడుపు వరుస మందలో పెద్ద చిన్నలను తేల్చుకునే క్రమం. ఇది తల, జుట్టు మీద పొడిచే నిజమైన దూకుడు. వరుస ఖాయం కాగానే తగ్గుతుంది. ఈకలు పీకడం వేరు. నేలను గీరి మేత వెతికే సహజ ప్రవృత్తికి దారి లేనప్పుడు అది తోటి కోడి ఈకల వైపు మళ్లుతుంది. రక్తం కారాక జరిగే స్వజాతి భక్షణ మూడవ దశ. రోలుగుంట వంటి చోట్ల గంప కింద ప్రాణాలు తీసేది సాధారణంగా రెండవ, మూడవ రకాలే.

సెరోటోనిన్ ఈ రెండింటితోనూ ముడిపడి ఉన్నట్లు ఆధారాలున్నాయి. 1990లో అమెరికాలో షియా, మెంచ్, థామస్ బ్రాయిలర్ పెంపక పుంజుల మేతలో ట్రిప్టోఫాన్ పెంచినప్పుడు దూకుడు తగ్గినట్లు నివేదించారు. 1999లో సేవరీ బృందం ఎదిగే బాంటమ్ కోళ్లకు కిలో మేతకు 20 గ్రాముల ట్రిప్టోఫాన్ ఇవ్వగా ఈకల నష్టం తగ్గింది. నెదర్లాండ్స్‌లో వాన్ హీర్డెన్ బృందం సెరోటోనిన్ వినియోగం తక్కువగా ఉన్న పిల్లలలోనే ఈకలు పీకడం ఎక్కువని, 2 శాతం ట్రిప్టోఫాన్ మేతతో అది తగ్గిందని చూపింది. పందులలోనూ ఇటువంటి ఫలితాలు వచ్చాయి. మన తీరప్రాంత రైతులకు సంబంధించి, 2010లో ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు మండపీత పిల్లల మేతలో ట్రిప్టోఫాన్ పెంచినప్పుడు వాటి దూకుడు తగ్గినట్లు ప్రకటించారు. ఒకదానినొకటి తినడం మండపీతల పెంపకంలో ప్రధాన నష్టం కనుక ఇది గమనార్హం. క్రే చేపకు సెరోటోనిన్ ఎక్కిస్తే పోరు పెరగడం, పీతకు ట్రిప్టోఫాన్ తినిపిస్తే తగ్గడం చూస్తే, ఒక జీవిలో వచ్చిన ఫలితాన్ని మరొక జీవికి నేరుగా అన్వయించరాదని మరోసారి తెలుస్తుంది.

ఈ అంకెలను సందేశంగా మార్చేటప్పుడు జాగ్రత్త అవసరం. 2 శాతం అంటే అవసరానికి సుమారు పది రెట్లు. అది మందు మోతాదు, మేత మోతాదు కాదు. విడి ట్రిప్టోఫాన్ ఖరీదైనది, పెరటి పెంపకానికి తగదు. ప్రయోగశాల మనకు నేర్పినది యంత్రాంగం. పల్లెకు తీసుకువెళ్లవలసినది లోటు లేకుండా చూడడం అనే సూత్రం.

విస్తరణకు అనువైన సందేశం

మేత లెక్క కష్టమైనది కాదు. 75 కిలోల మొక్కజొన్న రవ్వలో సుమారు 45 గ్రాముల ట్రిప్టోఫాన్, 25 కిలోల సోయా చెక్కలో సుమారు 175 గ్రాములు ఉంటాయి. రెండూ కలిపిన 100 కిలోలలో 220 గ్రాములు, అంటే 0.22 శాతం. పిల్లల అవసరం తీరుతుంది. తెలగపిండిలోనూ ట్రిప్టోఫాన్ సోయాకు దీటుగా ఉంటుంది, మిథియోనిన్ మరింత మెరుగు, కాని లైసిన్ తక్కువ. కనుక తెలగపిండిని ఒంటరిగా కాక సోయా చెక్కతోనో, ఉప్పు తక్కువగల ఎండు చేపల పొడితోనో కలపాలి. వేరుశనగ చెక్కలో ట్రిప్టోఫాన్ సుమారు 0.5 శాతం. బూజు పట్టిన చెక్కను ఏ పరిస్థితిలోనూ వాడరాదు. ఖనిజ లవణాలు, విటమిన్లు, తగుమాత్రం ఉప్పు తప్పనిసరి. ఉప్పు, మిథియోనిన్, పీచు లోపించినా పొడుపు మొదలవుతుందని మరువరాదు.

మేత సరిచేసినంత మాత్రాన సమస్య తీరదు. పిల్లలను మూసి ఉంచవలసి వచ్చినప్పుడు చోటు పెంచాలి. నేలపై ఊక పరిచి కొద్దిగా నూకలు చల్లితే గీరుకునే పని దొరుకుతుంది. మునగాకు, తోటకూర వంటి పచ్చిమేతను కట్టగట్టి ముక్కుకు అందే ఎత్తులో వేలాడదీయాలి. గదిలో తీవ్రమైన వెలుతురు ఉండరాదు. మేత తొట్టెలు, నీటి పాత్రలు చాలినన్ని ఉండాలి. వేర్వేరు వయసుల పిల్లలను కలపరాదు. గాయపడిన పిల్లను వెంటనే వేరుచేసి గాయం మానిన తరువాతే మందలో కలపాలి. వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి రకాలు ఆరుబయట మేత వెతుక్కోవడానికి ముక్కే ఆధారం. దానిని కత్తిరించడం ఒక ఆయుధాన్ని తీసివేయడమే కాదు, ఒక జీవనోపాధిని తీసివేయడం కూడా. వాణిజ్య షెడ్లకు చెప్పే సలహాను పెరటికి యథాతథంగా చెప్పరాదు.

స్నాతకోత్తర విద్యార్థులకు ఇందులో మంచి పరిశోధనాంశాలున్నాయి. నాణ్యమైన మాంసకృత్తుల మొక్కజొన్నను, మామూలు మొక్కజొన్నను సమాన మాంసకృత్తుల స్థాయిలో మేపి ఈకల నష్టాన్ని పోల్చవచ్చు. తెలగపిండి, సోయా చెక్కల వివిధ నిష్పత్తులను పరీక్షించవచ్చు. నత్రజని మోతాదును బట్టి గింజలో ట్రిప్టోఫాన్, లూసిన్ నిష్పత్తి ఎలా మారుతుందో ఉత్తర కోస్తా నేలలలో కొలవవచ్చు. ఈ మూడవ అంశం పూర్తిగా సస్య శాస్త్రానిది. ఫలితం మాత్రం కోడి గూటిలో కనిపిస్తుంది. ఇటువంటి ప్రయోగాలు కేంద్రాలలోనే కాక, వానాకాలంలో రైతు మహిళల పెరళ్లలోనూ జరిగితేనే వాటి విలువ తెలుస్తుంది.

సెరోటోనిన్ గురించి ఏడు దశాబ్దాలకు పైగా సాగిన పరిశోధన దూకుడును కేవలం గుణదోషంగా చూడరాదని చెబుతున్నది. ప్రవర్తన వెనుక వంశం ఉంది, పరిసరం ఉంది, తిన్న తిండి ఉంది. వీటిలో వంశాన్ని మార్చడానికి తరాలు పడుతుంది. పరిసరాన్ని, మేతను ఈ వానాకాలంలోనే మార్చవచ్చు. రోలుగుంట పల్లెలో గంప ఎత్తి చూసి చచ్చిన పిల్లను బయట పారవేసే ఇల్లాలికి విస్తరణ కార్యకర్త అడగవలసిన మొదటి ప్రశ్న, కత్తెర ఉన్నదా అని కాదు. పిల్లలకు ఏం పెడుతున్నారు, ఎంతసేపు మూసి ఉంచుతున్నారు అని.